ముప్పై నంబరు రేకు

శనివారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు ఆరో వాల్వు దగ్గర ముప్పై నంబరు రేకు దూరలేదు.

రేకు తనిఖీకి వచ్చిన పెద్దమనిషిది. బండి మామయ్యది. ఆ వాల్వు సందు గురువారం సాయంత్రం సరిచేసింది కోడలు. రేకు సందులో దూరాలి, కాస్త పట్టీపట్టనట్టు జారాలి. దూరలేదు. ఆయన దాన్ని లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టాడు. మళ్లీ దూరలేదు. చెవి మీద పెట్టుకున్న పెన్సిలు తీసి రిజిస్టరులో ఒక అడ్డగీత గీశాడు.

“ఒకటి పోయింది. మిగతా ఏడూ చూస్తాను,” అన్నాడు.

వంటింటి కిటికీ లోంచి అత్తయ్య, “టీ పెట్టమంటారా, ఆగమంటారా?” అని అడిగింది. షెడ్డుకీ వంటింటికీ మధ్య ఒకటే గోడ, ఆ గోడకి ఒకటే కిటికీ. పన్నెండేళ్లుగా ఆవిడ బండిని ఆ కిటికీ లోంచే చూస్తోంది.

“ఆగు,” అన్నాడు మామయ్య.

వాల్వు సందు అంటే ఇది. ఇంజిన్ వేడెక్కితే ఇనుము సాగుతుంది. అందుకని చల్లగా ఉన్నప్పుడే ప్రతి వాల్వు నెత్తి మీదా కాస్త ఖాళీ వదలాలి. ఈ ఇంజిన్‌కి ఆ ఖాళీ మిల్లీమీటరుని వంద భాగాలు చేస్తే అందులో ముప్పై. ఎక్కువైతే ఇంజిన్ టకటకమంటుంది. తక్కువైతే అసలు చప్పుడే చెయ్యదు, వాల్వు పూర్తిగా మూసుకోక లోపల్లోపల కాలిపోతుంది. ఖాళీని కొలిచేది ఫీలర్ గేజి. జేబుకత్తిలా విచ్చుకునే ఉక్కు రేకుల కట్ట. ప్రతి రేకు మీదా దాని మందం అంకెల్లో చెక్కి ఉంటుంది.

బండికి రెండే సీట్లు, పైకప్పు లేదు. చూసినవాళ్లు డెబ్బై ఏళ్ల నాటిదనుకుంటారు. నిజానికి బిగించడం పూర్తయి పన్నెండేళ్లే. పాత రేసు బండి అచ్చులో పోసిన ఫైబర్ ఒళ్లు, గొట్టాలతో అతికిన చట్రం, ఊచల చక్రాలు, రెండు కార్బురేటర్లు. ముక్కలు పెట్టెల్లో వచ్చాయి. మామయ్య పంపుల ఫ్యాక్టరీలో లేతు మీద పనిచేసే టర్నరు. డ్యూటీ దిగాక రోజుకి రెండు గంటల చొప్పున ఐదేళ్లు కూర్చుని బిగించాడు. మొదటిసారి స్టార్టయిన రోజున అత్తయ్య పక్కింటివాళ్లందరినీ పిలిచింది. పిలిచాక పది నిమిషాలకి ఆగిపోయింది. ఆ సంగతి ఆవిడ ఇప్పటికీ వదలదు.

ఇలాంటి బండ్లు ఉన్నవాళ్లకి ఒక సంఘం ఉంది. సంఘానికి ఒక రిజిస్టరు ఉంది. అందులో రెండు భాగాలు. వర్క్‌షాపులో చూపించుకునే బండ్లు వెనక భాగం. ఇంట్లోవాళ్లే చూసుకునే బండ్లు ముందు భాగం. ముందు భాగంలో ఒకప్పుడు ముప్పై ఒకటి ఉండేవి, ఇప్పుడు పదకొండు. మామయ్యది ఏడో నంబరు. రెండేళ్లకోసారి ఒకాయన ఇంటికొస్తాడు. నేల మీద గుడ్డ పరిపించి పనిముట్లు చూస్తాడు. ఆ వారంలో ఆ ఇంట్లో జరిగిన పని ఒకటి ఎంచుకుని తన కొలతలతో సరిచూస్తాడు. సంఘంలో అందరూ ఆయన్ని భూతద్దం అంటారు, ఎదుట పడితే సార్ అంటారు. తప్పితే అదే రోజు మధ్యాహ్నం పన్నెండింటి దాకా ఇంకో అవకాశం ఇస్తారు. ఇంట్లో ఉన్న పనిముట్లతోనే, ఇంట్లోవాళ్ల చేత్తోనే. అది కూడా తప్పితే నంబరు కొట్టేసి వెనక భాగంలోకి రాస్తారు.

“వెనక భాగంలోకి పోయిన రోజున ఈ బండి నా ఇంట్లో ఉండదు,” అని మామయ్య రెండు నెలల ముందే చెప్పాడు. “తాళాలు తీసుకెళ్లి సంఘం బల్ల మీద పెట్టేస్తాను. ఎవరికి కావాలో వాళ్లు పట్టుకెళ్తారు.”

ఊరికే అనే మనిషి కాడు. కోడలికి తెలుసు.

ఆయన కుడిచెయ్యి వణకడం మొదలై ఏడు నెలలైంది. ముందు కప్పు సాసర్లో టీ ఒలికింది. తర్వాత ఒకరోజు స్పార్క్ ప్లగ్గు వాషరు చేతిలోంచి జారి ఇంజిన్ సందుల్లో ఎక్కడో పడింది. గంటసేపు వెతికాడు. డెంటల్ ల్యాబు నుంచి వచ్చిన కోడలు బ్యాగు కూడా దించకుండా వంగి, ల్యాబులో వాడే వంకర పట్టకారుతో ఒక్క నిమిషంలో దాన్ని బయటికి తీసింది. ఆమె పని కట్టుడు పళ్లు చేయడం. మైనంతో అచ్చు తీసి, పోత పోసి, అరగదీసి, మెరుగు పెట్టడం.

“పళ్లు కట్టే చేతులు పిస్టన్ల దాకా వచ్చాయే!” అన్నాడు ఆరోజు మామయ్య.

“మీ నోట్లో ఉన్నవి నేను కట్టినవే కదా మామయ్యా. ఊడాయా ఎప్పుడైనా?”

“ఊడలేదు. నమలడానికి మీ అత్తయ్య ఏం పెడుతోంది గనక!”

కిటికీ లోంచి గరిటె చప్పుడు గట్టిగా వినిపించింది.

అక్కడి నుంచి మొదలైంది. సెలవు రోజుల్లో ఆయన స్టూలు మీద కూర్చుని చెప్పేవాడు, ఆమె చేసేది. కొడుకుని అడగలేదు. “వాడికి స్క్రూడ్రైవరు ఇస్తే డబ్బా మూత తీస్తాడు. తీసి అందులోనే పెట్టి మరిచిపోతాడు,” అని తండ్రి మాట. కొడుకు కూడా కాదనలేదు. ఈ శనివారం అతను డ్యూటీలో ఉన్నాడు.

జాకీతో లేపాక స్టాండ్లు పెట్టకుండా కింద తల పెట్టకూడదని నేర్చుకుంది. నట్టు ఎంత బిగించామో కొలిచే టార్క్ రెంచిని పనయ్యాక మళ్లీ సున్నాకి తిప్పి పెట్టాలనీ, లేకపోతే లోపలి స్ప్రింగు అలిసిపోయి అబద్ధం చెబుతుందనీ నేర్చుకుంది. ఈ చక్రాలకి నాలుగు బోల్టులుండవు. మధ్యలో రెక్కలున్న నట్టు ఒకటే, సుత్తితో కొట్టి బిగించాలి. ఆ సుత్తి రాగిదే కావాలి. దెబ్బ సుత్తి తినాలి గానీ నట్టు తినకూడదు. స్టీరింగు కీళ్లకి గ్రీజు గన్ను పెట్టి, పాత గ్రీజు బయటికొచ్చే దాకా నొక్కాలి. రెండు కార్బురేటర్లూ ఒకే మోతాదులో గాలి పీలుస్తున్నాయో లేదో చూడటానికి మూరెడు రబ్బరు గొట్టం. ఒక కొస చెవిలో, ఇంకో కొస కార్బురేటరు మూతి దగ్గర. రెండు బుసలూ ఒకేలా వినిపించాలి.

“ఇంజిన్ గుండె వింటారు మామాకోడళ్లిద్దరూ. నాకు గుండెల్లో మంటగా ఉందంటే వినే దిక్కు లేదు,” అనేది అత్తయ్య.

ఆరు నెలల్లో ఆయన ఒక్కసారి కూడా బాగుందని అనలేదు. పని అయ్యాక స్టూలు మీంచి లేచి, గుడ్డ ఆమె చేతికిచ్చేవాడు. గుడ్డ ఇచ్చాడంటే ఇక చెయ్యి తుడుచుకోవచ్చని. అంతే.

భూతద్దం ఎనిమిది వాల్వులూ చూడటం పదీ నలభైకి పూర్తయింది. ఎనిమిదీ తప్పాయి.

“వాల్వులు ఎవరు సరిచేశారు?” అని అడిగాడు. రిజిస్టరులో దానికో గడి ఉంది.

“నేను,” అన్నాడు మామయ్య.

కోడలు ఆయన వైపు చూసింది. ఆయన తన చేతిని ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు.

“కాదు సార్, నేను. గురువారం సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా,” అంది కోడలు.

“అమ్మాయ్, నువ్వూరుకో.”

“ఊరుకుంటే మీ పేరు మీద ఎనిమిది తప్పులు రాస్తారు మామయ్యా. పన్నెండేళ్లలో మీ పేరు మీద ఒక్కటి లేదు.”

భూతద్దం పెన్సిలు ఎత్తి పట్టుకుని ఇద్దరినీ చూశాడు. “ఎవరో ఒకరు తేల్చుకోండి. ఇద్దరి పేర్లూ పట్టేంత గడి కాదిది.”

“నా పేరు రాయండి,” అంది ఆమె. ఆయన రాశాడు.

మామయ్య స్టూలు మీద కూర్చున్నాడు. అత్తయ్య గరిటె చేత్తో పట్టుకునే కిటికీ దగ్గరికొచ్చింది.

“ఎంత తేడా సార్?” అని అడిగింది కోడలు.

“చెప్పకూడదు. రూలు.”

“అన్నీ ఒకేలా తప్పాయా, ఒక్కోటి ఒక్కోలానా? అది చెప్పచ్చా?”

ఆయన ఆలోచించాడు. “ఒకేలా,” అన్నాడు.

ఆమె ల్యాబులో పదకొండేళ్లుగా చేస్తోంది. సెట్టులో ఒక పన్ను ఎత్తు తగ్గితే చెయ్యి తప్పిందని అర్థం. పళ్లన్నీ ఒకే ఎత్తు తగ్గితే చెయ్యి కాదు, కింద అచ్చు తప్పింది.

“మామయ్యా, మన గేజి తప్పు,” అంది.

“గేజి తప్పా? అది నా సర్వీసంత ఉంది. ఫ్యాక్టరీలో మొదటి ఏడాది కొన్నాను. దాని రేకు తప్పదు.” ఆయన స్టూలు మీంచి లేచాడు. “రేకు తప్పదమ్మాయ్. మనిషి తప్పుతాడు గానీ.”

గుడ్డ మీద తొమ్మిది పనిముట్లూ వరసగా ఉన్నాయి. గేజి నాలుగోది. ఆమె వంగి దాన్ని తీసి విప్పింది. కిటికీ వెలుతురు రేకు మీద పడి గోడ మీదకి ఎగిరింది.

“అద్దంలా ఉంది, బొట్టు దిద్దుకోవచ్చు,” అంది అత్తయ్య. ఆవిడ ఆ మాట బుధవారం కూడా అంది. అప్పుడు అందరూ నవ్వారు. మామయ్య కూడా గేజిని అటూ ఇటూ తిప్పి చూసుకుని మురిశాడు.

ఇప్పుడు కోడలు నవ్వలేదు. బుధవారం ఆమె పనిముట్లన్నీ ల్యాబుకి తీసుకెళ్లింది. తనిఖీకి పెట్టే గుడ్డ మీద తుప్పు మచ్చ ఒక్కటి కూడా కనబడకూడదనుకుంది. స్పానర్లు తోమింది, సుత్తి పిడి తోమింది. గేజి రేకుల మీద ముదురు తుప్పుంటే పోత పళ్లకి మెరుగు పెట్టే రబ్బరు చక్రం మీద పెట్టింది. ముందు ముతక చక్రం, తర్వాత నున్న చక్రం. ఒక్కో రేకుకి రెండు వైపులా. ల్యాబులో మెరుగు ఎక్కువ పెడితే మెచ్చుకుంటారు.

“నేనే అరగదీశాను మామయ్యా,” అంది.

“ఏంటి?”

“తుప్పుతో పాటు ఉక్కు కూడా పోయింది. దాని మీద ముప్పై అని ఉంది గానీ అది ముప్పై కాదు. పల్చబడింది. పల్చటి రేకుతో సరిచేశాను కాబట్టి సందు ఇరుకైంది.”

ముప్పై ఎనిమిదేళ్ల గేజి. ఆయన తిడతాడనుకుంది. తిడితే పడాలనుకుంది.

“ఎంత పల్చబడిందో తెలుసా?” అన్నాడు ఆయన.

“తెలీదు.”

“తెలీకుండా మాట్లాడకూడదు. ఏవే, నా పెట్టె ఇలా అందించు.”

అత్తయ్య కిటికీ లోంచి ఒక చెక్క పెట్టె అందించింది. అందులో మిల్లీమీటరులో వందో వంతు దాకా మందం కొలిచే ఆయన మైక్రోమీటరు ఉంది. టర్నర్లు ఎవరికీ అప్పివ్వరు దాన్ని. ఆయన కొడుక్కి కూడా ముట్టుకోనివ్వలేదు.

“సార్, ఇది గుడ్డ మీద లేదు. వాడొచ్చా?” అని అడిగింది కోడలు.

భూతద్దం రూల్స్ పుస్తకం తీసి పేజీ వెతికాడు. “ఇంట్లోది అయితే చాలు. పక్కింట్లోంచి తెస్తే ఒప్పుకోను.”

“పక్కింట్లో ఉన్న సుత్తి కూడా మనం అప్పిచ్చిందే,” అంది అత్తయ్య.

మామయ్య మైక్రోమీటరు చేతిలోకి తీసుకున్నాడు. ముప్పై రేకుని దాని దవడల మధ్య పెట్టబోయాడు. రేకు దవడకి తగిలి టిక్కుటిక్కుమని కొట్టుకుంది. మూడుసార్లు ప్రయత్నించాడు. నాలుగోసారి మైక్రోమీటరు ఆమె చేతిలో పెట్టాడు.

“బిగించకు. చివర ఉన్న చిన్న పిడి తిప్పు, అదే మూడుసార్లు కిర్రుమని ఆగుతుంది. ఆగాక చదువు.”

ఆమె తిప్పింది. కిర్రు, కిర్రు, కిర్రు. “ఇరవై ఏడు. కొస దగ్గర ఇరవై ఆరు.”

అత్తయ్య సుద్దముక్కతో షెడ్డు తలుపు మీద రాసింది. మామయ్య రేకు తర్వాత రేకు చెప్పాడు, కోడలు చదివింది. ముప్పై అయిదు నంబరు ముప్పై రెండు. నలభై నంబరు ముప్పై ఏడు. ఇరవై అయిదు నంబరు ఇరవై రెండు. మెరుపు ఉన్న రేకు ఒక్కటి కూడా తన అంకెకి నిలబడలేదు. పదకొండూ అయిదయింది.

“ఒకటీ లేదు,” అంది అత్తయ్య. సుద్దముక్క పట్టుకున్న చెయ్యి దించేసింది. “పోనీ ఆ ముప్పై రెండుతో చూసుకుని, కాస్త బిగుతుగా పెడితే?”

“ఏవే, ఇది పులుసులో ఉప్పా?” అన్నాడు మామయ్య. “కాస్త అనేది ఎంతో చెప్పు.”

కోడలు కట్టని అటూ ఇటూ తిప్పుతోంది. చివరనున్న నాలుగు రేకులు మెరవడం లేదు. నల్లగా, మచ్చలతో అలాగే ఉన్నాయి. వాటిని బుధవారం చక్రం మీద పెట్టలేదు. అంత పల్చటివి చక్రానికి పెడితే వంకరపోతాయి, లేదా ఎగిరి కంట్లో పడతాయి. నూనె గుడ్డతో తుడిచి వదిలేసింది. అయిదు, పది, పదిహేను, ఇరవై.

“వీటిని నేను ముట్టుకోలేదు,” అంది.

“కొలువు.”

కొలిచింది. పది రేకు పది. ఇరవై రేకు ఇరవై.

ఇద్దరూ ఒకేసారి తలెత్తారు. నోరు తెరవబోయిన మామయ్య మూసుకున్నాడు. ఆమె చెప్పనీ అని ఆగాడు. అది అత్తయ్య చూసింది.

“రెండూ కలిపి పెడతాను,” అంది కోడలు. “మధ్యలో నూనె పొర లేకుండా తుడిచి.”

“కలిపాక?”

“కలిపాక మళ్లీ కొలుస్తాను.”

రెండింటినీ పెట్రోలు గుడ్డతో తుడిచి, జతచేసి దవడల్లో పెట్టింది. కిర్రు, కిర్రు, కిర్రు. ముప్పై.

పదకొండూ పదిహేనుకి ఆమె ఇంజిన్ మీదకి వంగింది. ఇంజిన్‌ని చేత్తో తిప్పాలి, ఒక వాల్వు పూర్తిగా దిగాలి, అప్పుడు దాని జత వాల్వు సందు చూడాలి. జత ఏదో తెలియడానికి మామయ్య నేర్పిన లెక్క ఉంది. రెండు నంబర్లూ కూడితే తొమ్మిది రావాలి.

“మూడు దిగింది,” అంది ఆమె.

“అయితే?”

“ఆరు.”

లాక్ నట్టు వదులు చేసి, స్క్రూ తిప్పి, జంట రేకు పెట్టి లాగింది. సరిపోయింది. నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా దాంతో పాటు కొద్దిగా తిరుగుతుంది, అక్కడే అందరూ తప్పుతారు. ఎడమచేత్తో స్క్రూడ్రైవరుని కదలనివ్వకుండా, కుడిచేత్తో నట్టు బిగించింది. బిగించాక మళ్లీ రేకు పెట్టి చూసింది. ఒకటో వాల్వు దగ్గర బిగించాక ఇరుకైంది, విప్పి మళ్లీ చేసింది. రెండోసారి కూడా ఇరుకైంది. మూడోసారికి నిలిచింది.

మామయ్య స్టూలు మీద కూర్చోలేదు. పక్కనే నిలబడ్డాడు, చెయ్యి పెట్టలేదు. భూతద్దం గడియారం చూసుకుంటూ షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు.

“పెట్టెల్లోంచి ముక్కలు తీసి బిగించడం ఎవడైనా చేస్తాడండీ,” అన్నాడు మామయ్య ఆయనతో, గొంతు తగ్గించి. కోడలికి వినిపించేంతే తగ్గించి. “తప్పు ఎక్కడుందో తన పేరు పెట్టి చెప్పడం, చెప్పి గంటలో దిద్దడం, మా ఫ్యాక్టరీలో ముప్పై ఎనిమిదేళ్లలో నేను ఇద్దరిని చూశాను. అందులో ఒకడు మా ఫోర్‌మెన్. రెండోవాణ్ణి నేనని చెబితే బావుండదు.”

“చెప్పేశారుగా,” అంది అత్తయ్య.

“మా అమ్మాయిని కలిపితే ముగ్గురు.”

అంతవరకూ ఆయన కోడలని చెప్పేవాడు, వచ్చినవాళ్లకి. భూతద్దం తలూపాడు. కోడలు వంగిన తల ఎత్తలేదు. ఎనిమిదో వాల్వు నట్టు బిగిస్తోంది.

పదకొండూ యాభై రెండుకి ఆమె పక్కకి తప్పుకుంది. భూతద్దం తన గేజి విప్పాడు. మొదటి వాల్వు దగ్గర ముప్పై రేకు దూరింది, పట్టి జారింది. ముప్పై రెండు రేకు దూరలేదు. రెండో వాల్వు అంతే. ఆరో వాల్వు దగ్గర ఆయన రెండుసార్లు చూశాడు. ఎనిమిదోది అయ్యేసరికి పన్నెండుకి ఒక నిమిషం తక్కువ. రేకులు మూసి జేబులో పెట్టుకున్నాడు.

“ఎనిమిదికి ఎనిమిది,” అన్నాడు.

“ఇప్పుడు పెట్టమంటారా టీ?” అంది అత్తయ్య.

మామయ్య గుడ్డ కోడలికివ్వలేదు. తనే ఆమె చేతులు పట్టుకుని, వణికే చేత్తోనే, ఒక్కో వేలూ తుడిచాడు.

భూతద్దం రిజిస్టరు బానెట్ మీద పెట్టి, మొదటి తనిఖీకి ఒకటి, రెండోదానికి ఒకటి, రెండు గడులు చూపించాడు. “మొదటిసారి తప్పడానికి కారణం రాయాలి. కొలత పరికరం లోపం అని రాస్తాను. చాలా?”

“పరికరం లోపం కాదు సార్,” అంది కోడలు. “నేను మెరుగు పెట్టి గేజిని అరగదీశానని రాయండి.”

“అలా ఎవరూ రాయించుకోరమ్మా. ఈ రిజిస్టరు అందరూ చూస్తారు.”

“చూడనివ్వండి,” అన్నాడు మామయ్య. “రెండో గడి కూడా చూస్తారుగా.”

ఆయన రాశాడు. టీ తాగాక వాల్వు కవరు బిగించి, ఇంజిన్ స్టార్ట్ చేశారు. రూలు ప్రకారం పని చేసినవారే ఎనిమిది కిలోమీటర్లు నడపాలి. కోడలు నడిపింది, పక్క సీట్లో భూతద్దం కూర్చున్నాడు. మామయ్యా, అత్తయ్యా గేటు దగ్గర నిలబడ్డారు. బండి ఒంటి గంటా పది నిమిషాలకు తిరిగొచ్చింది. ఒంటి గంటా పదిహేనుకి రిజిస్టరు ముందు భాగంలో ఏడో నంబరు ఎదుట మరో రెండేళ్ల గడువు రాశారు. పని చూసుకునేవారు అనే గడిలో పన్నెండేళ్లుగా ఉన్న పేరు కింద కోడలి పేరు చేర్చారు. దాని పక్కన భూతద్దం సంతకం పెట్టాడు.